నూటికి అర్ధ రూపాయి ఇచ్చి నాలుగు రూపాయలు పట్టుకెళ్ళే కార్డు

తల్లిదండ్రుల వేదిక

ప్రతి ఏడూ జూన్ మొదటి వారంలో మన తరగతి వాట్సాప్ గ్రూపులో రెండు ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. ఒకటి, స్కూలు బస్సు ఉంగుటూరు సెంటరుకి ఎన్నింటికి వస్తుంది? రెండు, ఫీజు క్రెడిట్ కార్డు మీద కడితే పాయింట్లు వస్తాయట కదా, ఏ కార్డు తీసుకుంటే మంచిది?

మొదటి ప్రశ్నకి డ్రైవరుగారు జవాబు చెప్తారు. రెండోదానికి ఈసారి నేను చెప్పదలచుకున్నాను. నేను బ్యాంకు ఉద్యోగిని కాను. మా వారు వరి సాగు చేస్తారు. నేను తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లు ఆఫీసులో లెక్కలు రాస్తాను. మా అమ్మాయి ఈ స్కూల్లోనే ఎనిమిదో తరగతి. రోజంతా ఊరివాళ్ళ లెక్కలు రాసే నేను, నా ఇంటి లెక్కలో ఒక తప్పు చేశాను. ఆ తప్పు ఖరీదు పద్నాలుగు వేల అయిదు వందలు. ఈ పేజీ చదివి మీలో ఒక్కరు ఆ ఖర్చు తప్పించుకున్నా నాకు సంతోషమే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. "ఏ కార్డు మంచిది?" అని అడిగే ముందు "మన ఇంటికి డబ్బు ఎప్పుడు వస్తుంది, దేనికి పోతుంది?" అని అడగాలి. రెండో ప్రశ్నకి జవాబు తెలిస్తే మొదటి ప్రశ్నకి జవాబు దానంతట అదే వస్తుంది. ఒక్కోసారి ఆ జవాబు "ఏ కార్డూ వద్దు" అని కూడా రావచ్చు.

ట్రాలీ బ్యాగుతో వచ్చిన కార్డు

మూడేళ్ళ కిందట విజయవాడలో ఒక షాపింగ్ మాల్లో బట్టలు కొని బయటికొస్తుంటే, టైలు కట్టుకున్న ఇద్దరు కుర్రాళ్ళు ఆపారు. "మేడమ్, ఈ కార్డు తీసుకుంటే ట్రాలీ బ్యాగు ఉచితం. మొదటి ఏడు ఫీజు లేదు. ఎయిర్‌పోర్టులో లౌంజ్ ఉచితం. ప్రతి వందకీ రెండు పాయింట్లు" అన్నారు. బ్యాగు బాగుంది. సంతకం పెట్టేశాను.

ఆ బ్యాగు ఇప్పటికీ మా అటక మీద ఉంది. లౌంజ్ మొహం మాత్రం ఇంతవరకూ చూడలేదు. మాకు దగ్గరి విమానాశ్రయాలు అటు గన్నవరం, ఇటు మధురపూడి. ఆ రెండింటిలోనూ మా ఇంట్లోవాళ్ళు ఎవరూ ఎప్పుడూ అడుగు పెట్టలేదు. హైదరాబాద్ వెళ్ళాలంటే గూడెంలో రైలెక్కుతాం. ఆ కార్డు తరచూ విమానాల్లో తిరిగేవాళ్ళ కోసం తయారైంది. దాన్ని తీసుకున్నది దాళ్వా కోతల కోసం ఎదురుచూసే ఇల్లు.

రెండో ఏడు వార్షిక ఫీజు 1,499 రూపాయలు పడింది. దానిమీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 1,769. సరే, అది చిన్న దెబ్బ. పెద్ద దెబ్బ ఆ జూన్‌లో తగిలింది.

ఆ ఏడు దాళ్వా ధాన్యం డబ్బు మావయ్యగారి ఆపరేషన్‌కి అయిపోయింది. స్కూలు ఫీజు గడువు దగ్గర పడింది. కార్డు ఉంది కదా, పాయింట్లు కూడా వస్తాయి కదా అనుకుని 60,000 రూపాయలు కార్డు మీద కట్టేశాను. బిల్లు వచ్చింది. అందులో రెండు అంకెలు ఉన్నాయి: మొత్తం బాకీ 60,000, కనీసం కట్టవలసింది 3,000. ఆ చిన్న అంకె చూసి నాకు ఊరట కలిగింది. సార్వా డబ్బు వచ్చేదాకా నెలకి మూడు వేలు కట్టుకుంటూ పోదాం, అందాకా గండం గడుస్తుంది అనుకున్నాను.

ఆరు నెలలు అలాగే కట్టాను. మొత్తం 18,000. డిసెంబరులో బాకీ ఎంత మిగిలిందో చూస్తే సుమారు 56,500! పద్దెనిమిది వేలు కడితే అసలు తగ్గింది మూడున్నర వేలే. మిగతా పద్నాలుగున్నర వేలూ వడ్డీకీ, ఆ వడ్డీ మీద జీఎస్టీకీ పోయాయి.

ఆ సాయంత్రం మా అమ్మాయి పక్కనే కూర్చుని శాతాల లెక్కలు చేసుకుంటోంది. స్టేట్‌మెంటు తీసుకుని చూసింది. "అమ్మా, వందకి రెండు పాయింట్లు, పాయింటుకి పావలా. అంటే నూటికి అర్ధ రూపాయి మనకిస్తున్నారు. మనదగ్గర నెలకి నూటికి నాలుగు రూపాయలు తీసుకుంటున్నారు. ఇందులో మనకొచ్చిన బహుమతి ఏది?" అంది. నా దగ్గర సమాధానం లేదు. అరవై వేలకి వచ్చినవి 1,200 పాయింట్లు, అంటే 300 రూపాయలు. వాటిని తీసుకోవడానికి ఛార్జీ 99, జీఎస్టీతో 117. చేతికి దక్కింది 183.

మన వడ్డీ భాషలో చెప్పుకుంటే

కార్డు కాగితాల్లో వడ్డీ "నెలకు 3.5 శాతం" అని ఉంటుంది. చాలా కార్డులకి ఇది 3 నుంచి 3.75 శాతం మధ్య ఉంటోంది. శాతం అనేసరికి మనకి అది చిన్న అంకెలా కనిపిస్తుంది. అదే మన ఊళ్ళో లెక్క కట్టినట్టు కడదాం. నెలకి నూటికి మూడున్నర రూపాయల వడ్డీ. జీఎస్టీ కలిపితే నాలుగు రూపాయల పదమూడు పైసలు.

పావలా వడ్డీ అంటే ఏమిటో డ్వాక్రా సంఘాల్లో తిరిగిన ఆడవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. రూపాయి వడ్డీ అంటే సరే అంటాం. రెండు రూపాయల వడ్డీ అంటే ఆలోచిస్తాం. ఊళ్ళో ఎవరైనా నాలుగు రూపాయల వడ్డీకి అప్పిస్తున్నాడంటే వాడి గుమ్మం తొక్కం. పైగా పదిమందిలో వాడి పేరు చెప్పి తిడతాం. కానీ అదే వడ్డీ మెరిసే కార్డు రూపంలో, ఒక ట్రాలీ బ్యాగు వెంటపెట్టుకుని వస్తే సంతకం పెట్టి ఇంటికి తెచ్చుకుంటాం.

ఏడాదికి 30 శాతం మించిన కార్డు వడ్డీ అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు ఇచ్చింది. ఆ తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టేసింది. కాబట్టి పైన ఎవరో పరిమితి పెట్టి మనల్ని కాపాడతారని అనుకోవద్దు. మన లెక్క మనమే చూసుకోవాలి.

ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. బాకీ పూర్తిగా కట్టకుండా కొంత మిగిలిస్తే, ఆ పాత బాకీకే కాదు, తర్వాత కార్డు మీద కొన్న ప్రతి వస్తువుకీ కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. నలభై, యాభై రోజులు వడ్డీ లేదన్న మాట బిల్లు పూర్తిగా కట్టేవాళ్ళకే వర్తిస్తుంది. ఆ ఆరు నెలల్లో నేను కార్డు మీద కొట్టించిన పెట్రోలుకీ, కొన్న సబ్బులకీ కూడా వడ్డీ కట్టాను.

కార్డు మీద కోపం లేదు

ఇదంతా చదివి నేను కార్డుల్ని తిట్టడానికి కూర్చున్నానని అనుకోకండి. క్రెడిట్ కార్డు మన ప్రాంతానికి పరాయిదేమీ కాదు. మన హైవే మీద ఏలూరు వైపు వెళ్తుంటే భీమడోలు దాటాక గుండుగొలను వస్తుంది. 1880లో ఆ ఊళ్ళో పుట్టిన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. దేశంలో క్రెడిట్ కార్డులు తెచ్చిన తొలి బ్యాంకుల్లో ఆ బ్యాంకు ఒకటి. 1981లోనే తెచ్చింది. 2020 ఏప్రిల్‌లో అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది గానీ, ఆ పాత బోర్డులు మన కళ్ళముందు ఇంకా మెదులుతూనే ఉన్నాయి.

అలాగే మన రైతుల ఇళ్ళల్లో "కార్డు" అంటే ముందు గుర్తొచ్చేది కిసాన్ క్రెడిట్ కార్డు. 1998లో మొదలైంది. 2018-19 నుంచి చేపల చెరువులవాళ్ళకీ పశువుల పెంపకందార్లకీ కూడా వర్తింపజేశారు. మూడు లక్షల లోపు పంట రుణానికి 7 శాతం వడ్డీ, గడువులోపు కట్టేస్తే 3 శాతం తగ్గింపు. అంటే ఏడాదికి నూటికి నాలుగు రూపాయలు. షాపింగ్ కార్డు ఒక్క నెలలో తీసుకునేది ఇది ఏడాది మొత్తానికి తీసుకుంటుంది. రెండింటి పేర్లలోనూ "క్రెడిట్ కార్డు" అనే మాట ఉంది కదా అని ఎరువులూ పురుగుమందులూ షాపింగ్ కార్డు మీద కొనేవాళ్ళని నేను చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

కిసాన్ కార్డు గడువును పంట కాలాన్ని చూసి పెట్టారు. షాపింగ్ కార్డు గడువును జీతాన్ని చూసి పెట్టారు. తేడా అంతా అక్కడే ఉంది. సార్వా డబ్బు డిసెంబరు, జనవరిల్లో వస్తుంది. దాళ్వా డబ్బు మే నెలలో వస్తుంది. కొల్లేరు వైపు చేపలవాళ్ళకి చెరువు పట్టినప్పుడే డబ్బు. కార్డు బిల్లు మాత్రం ప్రతి నెలా వస్తుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన గోదావరి జిల్లాల్లో కళ్ళాల్లో ఉన్న ధాన్యం తడిసి ముద్దయింది. పంట డబ్బు వెనక్కి పోయింది గానీ ఏ కార్డు గడువూ ఒక్కరోజు కూడా వెనక్కి పోలేదు.

మూడు నెలలు ఒక నోటుబుక్కు

నెల నెలా జీతం వచ్చి, బిల్లు మొత్తం ప్రతిసారీ కట్టగలిగిన ఇల్లు మీదైతే కార్డు వాడుకోండి. తప్పేమీ లేదు, కాస్త లాభం కూడా. అయితే కార్డు ఎంచుకునే ముందు మూడు నెలలు ఒక నోటుబుక్కులో ఇంటి ఖర్చు రాయండి. నేను రాసినప్పుడు మా ఇంటి నెల లెక్కలో కార్డుతో కట్టగలిగినవి ఇలా తేలాయి: కిరాణా, మందులు కలిపి క్యూఆర్ కోడ్ ఉన్న దుకాణాల్లో 6,000. పెట్రోలు 4,000. ఆన్‌లైన్‌లో కొన్నవి 2,000. మొత్తం 12,000, ఏడాదికి 1,44,000. పాలాయనకీ, చేపలు తెచ్చే ఆవిడకీ, కూలీలకీ ఇచ్చేది నగదే.

ఇప్పుడు ఈ లెక్క పట్టుకుని ఒక్కో రకం కార్డునీ చూద్దాం. అంకెలు ఉదాహరణకే. మీ కార్డు కాగితాలు చూసి మీ అంకెలు వేసుకోండి.

లౌంజ్, విమానం కార్డు: నా పాతది ఈ రకమే. పెట్రోలుకి దానిలో పాయింట్లు లేవు. మిగిలిన 96,000 మీద అర శాతం అంటే 480. ఫీజు 1,769. ఏడాదికి 1,289 రూపాయలు ఎదురు పెట్టుబడి.

ఆన్‌లైన్ దుకాణాల పేరుతో వచ్చే కార్డు: వార్షిక ఫీజు లేనివి ఉన్నాయి. వాటిలో కొన్ని తమ సైట్లో కొన్నవాటికి 5 శాతం దాకా వెనక్కి ఇస్తాయి. మా 24,000 మీద 1,200 వస్తుంది. అయితే రెండు వందలు ఆదా అవుతాయని నాలుగు వేల మిక్సీ కొంటే అది ఆదా అనిపించుకోదు.

పెట్రోలు కార్డు: ఆయిల్ కంపెనీలతో కలిసి బ్యాంకులు ఇచ్చేవి. 4 శాతం వెనక్కి వస్తుందనుకుంటే మా 48,000 మీద 1,920. ఫీజు 499, జీఎస్టీతో 589 తీసేస్తే 1,331. కానీ ఆ కంపెనీ బంకు మీ దారిలో ఉండాలి. పెట్రోలు మీద పడే 1 శాతం సర్‌ఛార్జీ మాఫీ కూడా చాలా కార్డుల్లో నాలుగైదు వందల పైన కొట్టిస్తేనే వస్తుంది. బండికి రెండు వందల పెట్రోలు కొట్టించుకునేవాళ్ళకి అందులో చాలా భాగం అందదు.

యూపీఐతో కలిపే రూపే క్రెడిట్ కార్డు: 2022 సెప్టెంబరులో మొదలైంది. కార్డు గీకే మిషను లేని మన ఊరి దుకాణంలో కూడా క్యూఆర్ స్కాన్ చేసి కట్టవచ్చు. నా లెక్కలో మన పల్లెలకి ఎక్కువ పనికొచ్చేది ఇదే. ఫీజు లేని కార్డుతో 72,000 మీద 1 శాతం అంటే 720. మనుషుల ఖాతాలకి దీనితో డబ్బు పంపలేం. వ్యాపార ఖాతా లేకుండా సొంత నంబరు మీద క్యూఆర్ పెట్టుకున్న చిన్న బడ్డీకొట్లలోనూ పనిచేయదు.

రైలు కార్డు: ఐఆర్‌సీటీసీ పేరుతో వచ్చేవి. పాయింట్లు ఎక్కువగా ఏసీ టికెట్లకే. ఏడాదికి రెండుసార్లు స్లీపర్‌లో వెళ్ళే మాలాంటివాళ్ళకి అవసరం లేదు.

ఇప్పుడు మొత్తం కూడదాం. ఆన్‌లైన్ కార్డు, పెట్రోలు కార్డు, రూపే కార్డు మూడూ పెట్టుకుని, ఒక్క గడువూ తప్పకుండా వాడితే ఏడాదికి వచ్చే లాభం 3,251 రూపాయలు. నెలకి సుమారు 270. అది కాదనే డబ్బేమీ కాదు. కానీ దానికోసం మూడు బిల్లులు, మూడు గడువు తేదీలు గుర్తుంచుకోవాలి. ఒక్కటి తప్పితే ఆలస్య రుసుము, వడ్డీ కలిసి కొన్ని నెలల లాభాన్ని తుడిచిపెట్టేస్తాయి. అందుకే ఒక ఇంటికి ఒక కార్డు, మహా అయితే రెండు చాలని నా అభిప్రాయం. జాగ్రత్తగా ఉంటే కార్డు వల్ల వచ్చే లాభం వందల్లోనో, ఒకటి రెండు వేలల్లోనో ఉంటుంది. నష్టం మాత్రం పదివేలు దాటడానికి ఆరు నెలలు చాలు.

"ఏడాదికి రెండు లక్షలు ఖర్చు పెడితే ఫీజు మాఫీ" అనే మాట దగ్గర కూడా ఆగి చూడండి. మా ఖర్చు 1,44,000. మాఫీ కావాలంటే ఇంకో 56,000 ఖర్చు పెట్టాలి, 1,769 మిగుల్చుకోవడానికి! సంక్రాంతికి అల్లుళ్ళు వచ్చినప్పుడు కూడా మన గోదావరివాళ్ళం అంత ఉదారంగా ఉండం.

ఫీజు సంగతి

ఇక అందరూ అడిగే స్కూలు ఫీజు విషయం. బిల్లు మొత్తం ఒకేసారి కట్టగలవాళ్ళు కూడా మూడు విషయాలు చూసుకోవాలి. ఒకటి, మీ కార్డు చదువు ఖర్చులకి పాయింట్లు ఇస్తుందా? చాలా కార్డులు ఫీజులు, అద్దె, వాలెట్లలో వేసే డబ్బు, పెట్రోలు వంటివాటిని పాయింట్ల లెక్కలోంచి తీసేశాయి. రెండు, ఏ దారిన కడుతున్నారు? వేరే కంపెనీల యాప్‌ల ద్వారా ఫీజు కడితే 2024 నుంచి కొన్ని పెద్ద బ్యాంకులు 1 శాతం ఛార్జీ వేస్తున్నాయి. మూడు, ఆన్‌లైన్ చెల్లింపులో చివరి మెట్టు దగ్గర సౌకర్య రుసుము ఏమైనా కలుస్తోందా? అరవై వేల మీద 1 శాతం, దానిమీద జీఎస్టీ అంటే 708 రూపాయలు. వచ్చే పాయింట్ల విలువ 300 అయితే, బిల్లు గడువులోపు పూర్తిగా కట్టినా 408 నష్టమే. బ్యాంకు ఖాతా నుంచి యూపీఐలో కడితే ఈ బాధ లేదు.

చేతిలో డబ్బు లేక ఫీజు కార్డు మీద కట్టాలనుకునేవాళ్ళకి నా మాట ఒక్కటే: ముందు స్కూలు ఆఫీసుకి వెళ్ళి వాయిదా అడగండి. అది కుదరకపోతే బ్యాంకులోనో సొసైటీలోనో బంగారం మీద రుణం అడగండి. రూపాయి వడ్డీకి అటూ ఇటూగా దొరుకుతుంది. అడగడానికి మొహమాటపడి, ఎవరినీ అడగనక్కర్లేదు కదా అని కార్డు గీకిన మనిషిని నేను. ఆ మొహమాటానికి నేను కట్టిన వడ్డీ మీకు ముందే చెప్పాను.

"మరి సిబిల్ స్కోరు?"

నాకన్నా బాగా తెలిసినవాళ్ళు ఇక్కడ ఒక మాట అంటారు. కార్డు వాడితే సిబిల్ స్కోరు పెరుగుతుంది, రేపు పిల్లల పై చదువులకి రుణం కావాలంటే స్కోరు ఉండాలి కదా అని. నిజమే. కానీ స్కోరు పెరిగేది కార్డు ఉన్నందుకు కాదు, గడువులోపు కట్టినందుకు. ఒక చిన్న, ఫీజు లేని కార్డు తీసుకుని, నెలకి రెండు మూడు వేల కిరాణా దానిమీద కొని, ప్రతి నెలా మొత్తం కట్టేస్తే స్కోరుకి అంతే చాలు. ఆలస్యంగా కట్టిన ప్రతి నెలా ఆ రికార్డులో ఉండిపోతుంది. ఈరోజు మనం కార్డు మీద చేసిన అజాగ్రత్త, మన పిల్ల ఇంజినీరింగ్ సీటు తెచ్చుకున్న రోజున బ్యాంకు మేనేజరు కంప్యూటర్లో కనిపిస్తుంది.

కార్డు ఉన్నవాళ్ళు ఇవి గుర్తుంచుకోండి

బిల్లు మొత్తం గడువు రోజున ఖాతాలోంచి దానంతటదే కట్ అయ్యేలా బ్యాంకులో ఆటో డెబిట్ పెట్టించుకోండి. "కనీస మొత్తం" అని కాదు, "పూర్తి మొత్తం" అని పెట్టించండి. బిల్లింగ్ తేదీని కనీసం ఒకసారి మార్చుకునే అవకాశం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధనల్లో ఉంది. జీతం పడిన తర్వాతే గడువు వచ్చేలా మార్పించుకోండి.

అడగని కార్డు పంపకూడదని కూడా ఆ నిబంధనలే చెప్తున్నాయి. బాకీ లేని కార్డు మూసేయమని అడిగితే ఏడు పనిదినాల్లో మూసేయాలి. మూయకపోతే రోజుకి 500 రూపాయలు మనకి ఇవ్వాలి. నా లౌంజ్ కార్డు ఆ జనవరిలో మూసేయించాను. ఫోన్లో ముగ్గురు మారి మారి "ఎందుకు మేడమ్, ఫీజు తగ్గిస్తాం" అన్నారు. "వద్దండీ" అన్నాను, అంతే.

ఏటీఎంలో క్రెడిట్ కార్డుతో నగదు తీయకండి. దానికి వడ్డీ లేని రోజులంటూ లేవు, తీసిన రోజు నుంచే వడ్డీ, పైన ఛార్జీ.

"మీ రివార్డు పాయింట్లు ఈ రాత్రితో ముగుస్తున్నాయి, ఈ లింకు నొక్కండి" అని మెసేజ్ వస్తే నొక్కకండి. యాప్ వేసుకోమని ఫైలు పంపితే తెరవకండి. పాయింట్లకి ఆశపడి ఓటీపీ చెప్పి ఖాతా ఖాళీ చేసుకున్నవాళ్ళు ఉన్నారు. మోసపోతే వెంటనే బ్యాంకుకీ, 1930 నంబరుకీ ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెప్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

చివరిగా రెండు విన్నపాలు

మొదటిది స్కూలు యాజమాన్యానికి. మా ఉంగుటూరు, కైకరం, నారాయణపురం, చేబ్రోలు వైపు నుంచి వచ్చే పిల్లల్లో చాలామంది ఇళ్ళకి డబ్బు వచ్చేది పంటతోనే. ఫీజులో సగం జూన్‌లో, మిగతా సగం జనవరిలో కట్టే ఒక వాయిదా పద్ధతి, అడిగినవాళ్ళకైనా ఇవ్వండి. దాళ్వా డబ్బుతో ఒకటి, సార్వా డబ్బుతో ఒకటి కడతారు. ఫీజు ఎగ్గొట్టాలని ఎవరికీ ఉండదు. చేతిలో డబ్బు ఉన్న రోజున అడిగితే నాలుగు రూపాయల వడ్డీ తెచ్చి కట్టే అవసరం ఎవరికీ రాదు. ఈ మాట ఈ పత్రికలోనే రాయడానికి అవకాశం ఇచ్చినందుకు సంపాదకులకి ధన్యవాదాలు.

రెండోది తోటి తల్లిదండ్రులకి. ఈ ఆదివారం మీ కార్డు బిల్లు తీసి పిల్లల ముందు పెట్టండి. ఏడో తరగతి దాటిన పిల్లలందరికీ శాతాలు వచ్చు. "వచ్చిన పాయింట్ల విలువ ఎంత, కట్టిన ఫీజు, వడ్డీ ఎంత?" అని రెండు వరుసల్లో రాయమనండి. మనం మొహమాటపడి చూడని అంకెల్ని వాళ్ళు ఏ మొహమాటం లేకుండా చూస్తారు. ఇంటి లెక్క తెలిసిన పిల్లలు రేపు ఏ షాపింగ్ మాల్ గుమ్మంలోనూ ట్రాలీ బ్యాగు చూసి సంతకం పెట్టరు.

మా ఇంట్లో ఇప్పుడు ఫీజు లేని రూపే కార్డు ఒక్కటే ఉంది. నెల నెలా నా జీతంలోంచి పూర్తిగా కట్టేస్తున్నాం. కిందటి ఏడాది దానిమీద మాకు వచ్చింది 640 రూపాయలు. ఆ డబ్బుతో మా అమ్మాయి జామెట్రీ బాక్సూ, ఒక మంచి పెన్నూ కొనుక్కుంది. మిగిలినదాంతో ఒక నోటుబుక్కు తెచ్చి నాకిచ్చింది, ఇంటి ఖర్చులు రాయడానికి.

ఒక ఎనిమిదో తరగతి విద్యార్థిని తల్లి, ఉంగుటూరు